రాస్బెరీ పై బోర్డుకి తగిలించిన హార్డ్‌డిస్కు మధ్యలో మాయమవుతుంటే ఏం చూడాలి?

తమ్ముడూ, నీ సమస్య చదివాను. మిగతావాళ్లకి కూడా అర్థం కావాలని ముందు రెండు ముక్కల్లో చెబుతాను. సోంపేటలో నీకు ఫొటో స్టూడియో ఉంది. పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు రోజూ రాత్రి రెండింటికి స్టూడియో కంప్యూటర్ నుంచి ‘రాస్బెరీ పై 4’ అనే చిన్న కంప్యూటర్ బోర్డుకి తగిలించిన 2 టీబీ పోర్టబుల్ హార్డ్‌డిస్కులోకి వాటంతటవే కాపీ అవ్వాలి. కొన్ని రాత్రులు సవ్యంగా అవుతోంది, కొన్ని రాత్రులు మొదలైన కొద్దిసేపట్లోనే డిస్కు కనపడకుండా పోతోంది. కరెంటు పోయి వచ్చిందంటే పొద్దున్న అసలు కనిపించడమే లేదు. అదే డిస్కు కంప్యూటర్‌కి పెడితే ఏ గొడవా లేదు. బోర్డుకి పెట్టింది 65 వాట్ల ఫోన్ చార్జర్. అడిగినవాళ్లందరూ ‘డిస్కు పోయింది, ఎస్ఎస్‌డీ (లోపల తిరిగే భాగాలు లేని డిస్కు) కొనెయ్’ అంటున్నారు.

ఇప్పుడే కొనకు. నేను విజయనగరంలో ఇదే పని మీద ఉన్నాను. స్కూళ్లకీ, షాపులకీ, నీలాంటి స్టూడియోలకీ ఈ చిన్న బోర్డులు పెట్టి ఇస్తుంటాను. ఇలా వచ్చి పోయే డిస్కుల్లో నిజంగా డిస్కు పాడైనవి తక్కువ. ఎక్కువ భాగం దానికి అందే కరెంటుది, లేదా మధ్యలో ఉన్న వైరుది. కొత్త ఎస్ఎస్‌డీ తెచ్చి అదే చార్జర్‌కి, అదే కేబుల్‌కి పెడితే అది కూడా ఇలాగే ఆడుతుంది, నీ డబ్బులు పోతాయి.

అయితే అన్నిటికన్నా ముందు ఒక పని. ఆ డిస్కుని ఇవాళే బోర్డు నుంచి తీసి కంప్యూటర్‌కి పెట్టి, అందులో ఉన్నదంతా ఇంకోచోటికి కాపీ చెయ్యి. రాస్తూ రాస్తూ ఉండగా డిస్కు ఊడిపోతే ఆ క్షణంలో రాస్తున్న ఫైలే కాదు, ఫోల్డర్ల పట్టిక కూడా చెడిపోవచ్చు. అవి ఎవరో ఒకరి ఇంటి పెళ్లి ఫొటోలు, ఇంకోసారి తియ్యగలిగేవి కావు. కాపీ పూర్తయ్యేదాకా రాత్రి బ్యాకప్ ఆపెయ్. రిపేరు పని కాపీ అయిన తరవాతే.

ఇప్పుడు కారణం ఎలా పట్టుకోవాలో చెబుతాను. చాలామంది మొదట కేబుల్ మారుస్తారు, తరవాత ఒక యూఎస్‌బీ పోర్టుని నాలుగైదు చేసే హబ్ కొంటారు, తరవాత ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఎక్కిస్తారు. ఒక వారం బాగా నడిస్తే ఏది బాగుచేసిందో తెలీదు, మళ్లీ పాడైతే మొదటికే వస్తారు. దానికన్నా డిస్కు లోపలే లెక్కలు రాసుకునే పుస్తకం ఒకటి ఉంది, అది తెరిచి చూడటం మంచిది. స్మార్ట్‌మాన్‌టూల్స్ అనే ప్యాకేజీ వేసుకుని స్మార్ట్‌సీటీఎల్ కమాండ్ నడుపు. (కమాండ్ల పేర్లు పలికేటట్టు రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లోనే.) యూఎస్‌బీ డిస్కు కాబట్టి చాలాసార్లు ‘డాష్ డీ శాట్’ అన్న ఆప్షన్ కూడా కలపాల్సి వస్తుంది.

వచ్చిన పట్టికలో 5, 197, 198 నంబర్ల వరసలు చూడు. ఆ వరసల్లో చివరి గడిలో ఉన్న సంఖ్య సున్నా అయితే డిస్కు లోపల తిరిగే పళ్లెం బాగానే ఉంది. 197లో సున్నా కాకుండా ఏదైనా ఉంటే చదవలేని చోట్లు ఉన్నట్టు. అప్పుడు నేను చెప్పబోయే మిగతా కథ పక్కన పెట్టి, కాపీ తీసుకుని డిస్కు మార్చు.

సున్నాలే ఉంటే అసలు ఉపయోగపడే వరసలు 12, 192. డిస్కుకి కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ 12 ఒకటి పెరుగుతుంది. చెప్పాపెట్టకుండా కరెంటు పోయి, రాసే తల ఉన్నపళంగా పక్కకి జరగాల్సి వస్తే 192 పెరుగుతుంది. రాత్రి పడుకునే ముందు ఈ రెండూ కాగితం మీద రాసుకో. పొద్దున్న డిస్కు మాయమై ఉంటే దాన్ని పీకకుండా, బోర్డుని మాత్రమే రీస్టార్ట్ చేసి మళ్లీ చదువు. 12వ వరస పెరిగిందా? ఇంట్లో కరెంటు పోలేదు, బోర్డు తనంతట తాను ఆరిపోలేదు, అయినా పెరిగిందంటే డిస్కుకి వెళ్లే 5 వోల్టులు రాత్రి ఎక్కడో తెగాయన్నమాట. పెరగలేదు కానీ డిస్కు మాయమైందంటే కరెంటు అందుతూనే ఉంది, మాట్లాడుకునే దారి తెగింది. అది కేబుల్, లేదా డిస్కు డబ్బాలో ఉండే యూఎస్‌బీ చిప్, లేదా డ్రైవర్ (బోర్డు డిస్కుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్). ఒక చిన్న జాగ్రత్త: కొన్ని బోర్డులు రీస్టార్ట్ అయ్యేటప్పుడు యూఎస్‌బీ పోర్టులకి కరెంటు ఒక క్షణం తీసి ఇస్తాయి. అందుకని ముందు ఏ గొడవా లేనప్పుడు ఒకసారి రీస్టార్ట్ చేసి 12 ఎంత పెరుగుతుందో చూసుకుని, దాన్ని తీసేసి లెక్కపెట్టు. 4వ వరస డిస్కు నిద్ర లేచినప్పుడల్లా పెరిగేది, దాన్ని చూసి టెన్షన్ పడకు.

నువ్వు చెప్పిన లక్షణాల్ని బట్టి 12వ వరస పెరుగుతుందనే నా అంచనా. ఎందుకంటే నీ డిస్కు ఎప్పుడుపడితే అప్పుడు పోవడం లేదు. రాత్రి రెండింటికి బ్యాకప్ మొదలైన కొద్దిసేపట్లో పోతోందన్నావు. అంతసేపూ డిస్కు నిద్రలో ఉంటుంది. లేచి పళ్లెం తిరగడం మొదలుపెట్టే ఆ కొన్ని క్షణాల్లోనే అది అత్యధికంగా కరెంటు లాగుతుంది. 2.5 అంగుళాల డిస్కుల లేబుల్ మీద 5 వోల్టుల దగ్గర 0.7 నుంచి 1 ఆంపియర్ దాకా రాసి ఉంటుంది, నీ దాని మీద కూడా చూడు. సరిగ్గా అదే సమయానికి బోర్డు ప్రాసెసర్ కూడా పని అందుకుంటుంది. పై 4 ఖాళీగా ఉంటే 3 వాట్ల చుట్టుపక్కల, పని ఎక్కువైతే 6, 7 వాట్లు తింటుంది. రెండూ కలిసి 2 ఆంపియర్లు సులువుగా దాటతాయి. ఇంకో హద్దు కూడా ఉంది. పై 4లో నాలుగు యూఎస్‌బీ పోర్టులకీ కలిపి 1.2 ఆంపియర్లే ఇస్తుంది. డిస్కుతో పాటు కీబోర్డు, పెన్‌డ్రైవ్, వైఫై డాంగిల్ లాంటివి ఉంటే ముందు అవి పీకెయ్.

‘65 వాట్ల చార్జర్‌కి 15 వాట్లు ఒక లెక్కా’ అని నీకు అనిపించవచ్చు. ఆ 65 వాట్లు 20 వోల్టుల దగ్గరో, లేదా ఆ కంపెనీ ఫోన్‌తో కుదుర్చుకున్న ప్రత్యేక వోల్టేజీ దగ్గరో వచ్చేవి. రాస్బెరీ బోర్డు అడిగేది 5 వోల్టులే. అక్కడ మామూలు టైప్-సీ చార్జర్ ఎంత పెద్దదైనా ఇచ్చేది 3 ఆంపియర్లే. ఫోన్‌తో వచ్చిన కొన్ని చార్జర్లు తమ ఫోన్ కాకపోతే 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లే ఇస్తాయి. చార్జర్ వెనక చిన్న అక్షరాల్లో ‘5 వోల్ట్’ పక్కన ఏ అంకె ఉందో అదొక్కటే నీకు లెక్క.

అయినా ఎక్కువసార్లు దొంగ చార్జర్ కాదు, దాని కేబుల్. ఈ లెక్క ఒకసారి ఓపికగా చూడు. బోర్డు, డిస్కు కలిసి 2 ఆంపియర్లు లాగుతున్నాయనుకో. ఒక మీటరు కేబుల్‌లో కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అంటే రెండు మీటర్ల రాగి. చవక చార్జింగ్ కేబుళ్లలో ఉండే సన్నటి 28 గేజ్ తీగకి మీటరుకి దాదాపు 0.21 ఓమ్‌ల నిరోధం. రెండు మీటర్లకి 0.42. 2 ఆంపియర్లతో గుణిస్తే 0.84 వోల్టులు దారిలోనే పోయాయి. చార్జర్ దగ్గర 5 వోల్టులు ఉన్నా బోర్డుకి చేరేది 4.16. రాస్బెరీ బోర్డు వోల్టేజీ తక్కువైందని గోల చేసే హద్దు 4.63. కొంచెం మంచి 24 గేజ్ తీగ అయినా 0.34 పోయి 4.66 దగ్గర నిలబడుతుంది, అంటే అంచు మీద. 20 గేజ్ అయితే 0.13 మాత్రమే పోతుంది. పై 4కి కంపెనీ వాళ్లే అమ్మే అడాప్టర్ 5 వోల్టులు కాకుండా 5.1 వోల్టులు ఇవ్వడం, దానికి లావుపాటి 18 గేజ్ కేబుల్ ఊడకుండా బిగించి ఉండటం ఈ లెక్క కోసమే. ఆ అడాప్టర్ కొనమనే నా సలహా. ఈ మొత్తం వ్యవహారంలో పెట్టే మొదటి ఖర్చు అదే అవ్వాలి.

బోర్డు దగ్గర కూడా సాక్ష్యం ఉంటుంది. వీసీజెన్‌సీఎండీ కమాండ్‌కి గెట్-థ్రాటిల్డ్ (మధ్యలో అండర్‌స్కోర్) అని ఇస్తే ఒక కోడ్ వస్తుంది. ఉత్త సున్నా వస్తే ఆన్ చేసినప్పటి నుంచి వోల్టేజీ తగ్గలేదని. 50000 వస్తే ఈమధ్యలో ఎప్పుడో తగ్గింది, వేగం కూడా తగ్గించుకుంది. 50005 వస్తే ఈ క్షణాన కూడా తక్కువగానే ఉంది. రీస్టార్ట్ చేస్తే ఈ లెక్క తుడిచిపెట్టుకుపోతుంది. అందుకని పొద్దున్న లేవగానే, రీస్టార్ట్ చెయ్యకముందే ఇది చూడు, తరవాత డిస్కు పట్టిక. ఒకటి గుర్తుంచుకో: బోర్డు కొలిచేది తన దగ్గరికి వచ్చిన వోల్టేజీ. అక్కడి నుంచి డిస్కు కేబుల్ చివరికి ఎంత చేరిందో దానికి తెలీదు. కాబట్టి 50005 వస్తే తప్పు తేలినట్టే, కానీ సున్నా వచ్చినంత మాత్రాన డిస్కుకి కరెంటు చాలుతోందని కాదు.

అడాప్టర్ మార్చాక కూడా 12వ వరస పెరుగుతుంటే సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ పెట్టు, డిస్కు దానికి తగిలించు. హబ్ అడాప్టర్ కనీసం 2 ఆంపియర్లు ఇవ్వాలి. కొన్ని చవక హబ్బులు తమ కరెంటుని వెనక్కి బోర్డులోకి తోస్తాయి. తెలుసుకోవడం తేలిక: అన్నీ తగిలించి ఉంచి, సిస్టమ్ షట్‌డౌన్ చేశాక బోర్డు అడాప్టర్ పీకు. బోర్డు మీద ఎర్ర లైటు ఇంకా వెలుగుతుంటే ఆ హబ్ వాపస్ ఇచ్చెయ్. రెండు తలల వై-కేబుల్ కొనమని కొందరు చెబుతారు, నేను చెప్పను. రెండో తల కూడా అదే బోర్డుకి పెడితే ఆ 1.2 ఆంపియర్ల హద్దు ఎక్కడికీ పోదు. ఇక 3.5 అంగుళాల పెద్ద డిస్కులు వాడేవాళ్లకి ఈ బాధ లేదు, వాటికి 12 వోల్టుల సొంత అడాప్టర్ ఉంటుంది.

పై 5కి మారదామన్న ఆలోచన ఉంటే అక్కడ అంకెలు వేరు. మామూలు 3 ఆంపియర్ల అడాప్టర్ పెడితే యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లే వదులుతుంది. 5 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే 27 వాట్ల అడాప్టర్ పెడితేనే 1.6 ఆంపియర్లు. బోర్డు కొత్తది కదా అని పాత అడాప్టరే ఉంచితే ఇప్పటికన్నా అన్యాయంగా ఉంటుంది.

ఇప్పుడు 12వ వరస పెరగకుండానే డిస్కు పోతున్న సందర్భం. ముందు డిస్కు కేబుల్. పోర్టబుల్ డిస్కులకి ఉండే ఆ వెడల్పాటి మైక్రో-బీ పిన్ను చాలా సున్నితమైనది, కొంచెం పక్కకి వాలినా పట్టు వదులుతుంది. డిస్కు ఏదో కాపీ చేస్తుండగా కేబుల్ మొదట్లో వేలితో మెల్లగా కదిపి చూడు (కాపీ అయిపోయిన ఉత్తుత్తి ఫైళ్లతోనే సుమా). పోయిందంటే అరమీటరు కన్నా పొడుగు లేని కొత్త కేబుల్ తెచ్చుకో. నువ్వుండేది సోంపేట, బారువ సముద్రం పక్కనే. ఉప్పుగాలికి మన తీరంలో యూఎస్‌బీ పిన్నుల మీద నల్లటి పొర, పచ్చటి మరక తొందరగా వస్తాయి. బోర్డు పోర్టులోకి టార్చి వేసి చూడు. అలా కనిపిస్తే అన్నీ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన సన్నటి బ్రష్‌తో తుడిచి బాగా ఆరనివ్వు. గరుకు కాగితంతో గీకకు, పైపూత పోతే ఇంకా తొందరగా తుప్పు పడుతుంది. కిటికీ పక్కన ఉంటే అక్కడి నుంచి మార్చు.

తరవాత ఒక పరీక్ష. డిస్కుని నీలం పోర్టు నుంచి తీసి నల్ల పోర్టుకి పెట్టి రెండు మూడు రాత్రులు నడుపు. పై 4లో నీలం, నల్ల పోర్టులకి కరెంటు ఇచ్చేది ఒకే దారి. మారేది డేటా వెళ్లే తీగలు, వేగం. అందుకే ఈ పరీక్ష కరెంటు తప్పుని, డేటా తప్పుని విడదీస్తుంది. నల్ల పోర్టులో సెకనుకి 35, 40 ఎంబీ మించి రాదు, కానీ డిస్కు నిలకడగా ఉందంటే అనుమానం మొత్తం యూఎస్‌బీ 3 కేబుల్ మీదికో, యూఏఎస్ (అదేంటో కింద చెబుతాను) మీదికో పోతుంది. నిజం చెప్పాలంటే రాత్రంతా టైమ్ ఉన్న బ్యాకప్‌కి ఆ వేగం చాలు. నల్ల పోర్టులోనే వదిలేసినా నేను తప్పు పట్టను.

యూఏఎస్ అంటే డిస్కుకి ఒకేసారి చాలా పనులు వరసపెట్టి చెప్పే కొత్త పద్ధతి. డిస్కు డబ్బాలో ఉండే కొన్ని చిప్పులు ఆ పద్ధతి తెలుసని చెబుతాయి కానీ బరువు పడగానే బిగుసుకుపోతాయి. డీమెస్గ్ కమాండ్‌తో వచ్చే లాగ్‌లో ‘యూఏఎస్ ఈహెచ్ అబార్ట్ హ్యాండ్లర్’ అనీ, దాని కింద ‘రీసెట్ సూపర్‌స్పీడ్’ అనీ పదేపదే ఉంటే ఇదే. ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్‌లో డిస్కు పక్కన కోలన్‌తో విడదీసిన రెండు ముక్కల ఐడీ ఉంటుంది. బూట్ ఫోల్డర్‌లోని కమాండ్‌లైన్ టెక్స్ట్ ఫైలు తెరిచి (2023లో వచ్చిన బుక్‌వార్మ్ నుంచి అది బూట్‌లో ఫర్మ్‌వేర్ అనే ఫోల్డర్‌లో ఉంటుంది), ఉన్న లైను చివర ఒక ఖాళీ వదిలి ‘యూఎస్‌బీ-స్టోరేజ్ డాట్ క్విర్క్స్ ఈక్వల్స్’ అని రాసి, ఆ ఐడీ, మళ్లీ కోలన్, చిన్న యూ అక్షరం పెట్టు. ఆ ఫైల్లో అంతా ఒకటే లైనుగా ఉండాలి, ఎంటర్ కొడితే బోర్డు లేవకపోవచ్చు. రీస్టార్ట్ అయ్యాక ఎల్ఎస్‌యూఎస్‌బీకి ‘డాష్ టీ’ కలిపి చూస్తే డ్రైవర్ పేరు యూఏఎస్ బదులు యూఎస్‌బీ-స్టోరేజ్ అని మారుతుంది. తిరిగే డిస్కుకి దీనివల్ల పోయే వేగం పెద్దగా ఉండదు.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. ఇప్పటి 2 టీబీ పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిది ఎస్ఎంఆర్ పద్ధతి, రాతల వరసలు ఒకదాని మీద ఒకటి కొంత ఎక్కి ఉంటాయి, ఇంటి మీద పెంకుల్లాగా. కొంతసేపు జోరుగా రాస్తుంది, లోపలి ఖాళీ నిండాక పాత వరసల్ని సర్దుకోవడానికి ఆగిపోతుంది. బోర్డుని నడిపే లైనక్స్ మామూలుగా 30 సెకన్లు జవాబు కోసం చూసి, రాకపోతే డిస్కుని రీసెట్ చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్‌లో ఒకే రాత్రి వందల జీబీలు పంపినప్పుడు మాత్రమే, అదీ గంటో రెండు గంటలో గడిచాక డిస్కు పోతుంటే ఇది అనుమానించు. కాపీ చేసే ఆర్‌సింక్ ప్రోగ్రామ్‌కి బీడబ్ల్యూలిమిట్ ఆప్షన్ ఇచ్చి వేగం సెకనుకి 20 ఎంబీకి తగ్గించు. ఆ 30 సెకన్ల గడువుని సిస్ ఫోల్డర్‌లో, బ్లాక్ కింద ఆ డిస్కు పేరుతో ఉన్న డివైస్ ఫోల్డర్‌లోని టైమౌట్ ఫైల్లో 120కి పెంచుకోవచ్చు.

ఇక కరెంటు పోయి వచ్చాక డిస్కు కనిపించకపోవడం. ఇది వేరే సంగతి, ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. నువ్వు ఎఫ్‌స్టాబ్‌లో (బోర్డు లేచినప్పుడు ఏ డిస్కుని ఏ ఫోల్డర్‌లో ఎక్కించాలో, అంటే మౌంట్ చెయ్యాలో, రాసి ఉండే ఫైలు) డిస్కుని ఎస్‌డీఏ1 అన్న పేరుతో రాశావు. డిస్కు ఒకసారి ఊడి మళ్లీ దొరికితే అది ఎస్‌డీబీ1 అయి కూర్చుంటుంది. పేరు కాదు, బీఎల్‌కేఐడీ కమాండ్ చూపించే యూయూఐడీ (ఊడి తగిలినా మారని గుర్తింపు సంఖ్య) రాయి. పక్కన నోఫెయిల్ అన్న మాట కూడా పెట్టు, లేకపోతే డిస్కు లేచేలోపు బోర్డు మధ్యలో ఆగిపోయి ఎమర్జెన్సీ మోడ్‌లో నిలబడుతుంది.

నోఫెయిల్ పెట్టగానే వచ్చే ప్రమాదం ఇది: డిస్కు ఎక్కకపోయినా ఆ ఫోల్డర్ ఖాళీగా ఉంటుంది. నీ బ్యాకప్‌కి తేడా తెలీదు, ఫొటోలన్నీ ఎస్‌డీ కార్డు మీద రాసేస్తుంది. కార్డు నిండి బోర్డు పడిపోయేదాకా నీకూ తెలీదు, పైగా బ్యాకప్ అవుతోందనే అనుకుంటావు. దీనికి రెండు కట్టుబాట్లు. డిస్కు ఎక్కించకముందు, ఖాళీ ఫోల్డర్ మీద సీహెచ్ఏటీటీఆర్ ప్లస్ ఐ కమాండ్ కొట్టు, అప్పుడు అందులో ఎవ్వరూ ఏమీ రాయలేరు. డిస్కు ఎక్కాక మామూలుగానే రాసుకోవచ్చు. రెండోది, బ్యాకప్ నడిపే స్క్రిప్టు మొదట్లో మౌంట్‌పాయింట్ కమాండ్‌తో డిస్కు ఎక్కి ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే ఆగి నీ ఫోన్‌కి మెసేజ్ పంపేలా రాసుకో.

డిస్కు ఇప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్‌లో (విండోస్ ఫార్మాట్) ఉంది కదా, కాపీ తీశాక దాన్ని లైనక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చెయ్. కరెంటు పోయినప్పుడు ఎన్‌టీఎఫ్ఎస్ మీద ‘సరిగ్గా మూయలేదు’ అన్న గుర్తు పడిపోతుంది, దాన్ని సరిచేసేదాకా కొన్ని డ్రైవర్లు ఎక్కించనంటాయి. నీకు పొద్దున్న డిస్కు కనిపించకపోవడానికి సగం కారణం ఇదే అయ్యుండాలి.

ఇన్వర్టర్ ఉందన్నావు. దానికి యూపీఎస్ మోడ్, నార్మల్ మోడ్ అని స్విచ్ ఉంటే యూపీఎస్ మోడ్‌లో పెట్టు, మారేటప్పుడు కరెంటు తెగి ఉండే సమయం తగ్గుతుంది. ఫ్యాన్లకీ లైట్లకీ తెలియని ఆ క్షణం చిన్న అడాప్టర్లకి తెలుస్తుంది. వైఫై రౌటర్ కోసం అమ్మే చిన్న యూపీఎస్ డబ్బాలు దీనికి సరిపోవు, అవి ఎక్కువగా 12 వోల్టులవి. వాటికి ఉండే 5 వోల్టుల పోర్టు చాలావాటిలో 3 ఆంపియర్లు ఇవ్వదు.

ఇంకో కాపీ సోంపేటలో కాకుండా వేరే ఊళ్లో ఉండాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో కరెంటు లేక ఎన్ని రోజులు గడిచాయో నీకు నేను చెప్పక్కర్లేదు. శ్రీకాకుళంలో మీ అక్క ఉందన్నావు కాబట్టి, నెలకోసారి ఇంకో డిస్కులోకి కాపీ చేసి అక్కడ పెట్టి రా.

ఇవాళ రాత్రికి చెయ్యాల్సింది కాపీ తియ్యడం, 12, 192 వరసలు రాసుకోవడం, అంతే. అవి సరిగ్గా నమోదయ్యేదాకా ఏమీ మార్చకు. మళ్లీ డిస్కు పోయిన పొద్దున్న ఆ రెండు అంకెలు, గెట్-థ్రాటిల్డ్ కోడ్, డీమెస్గ్ లాగ్‌లో డిస్కు పోయిన చోటికి పైన ఇరవై లైన్లు, కింద ఇరవై లైన్లు ఇక్కడ పెట్టు. డిస్కు లేబుల్ ఫొటో, చార్జర్ వెనక వైపు ఫొటో కూడా. చూసి ఏది కొనాలో, ఏది అక్కర్లేదో చెబుతాను.